ఇళ్లు మార్చుకుందామనుకున్నాం, ఆషాఢానికి ముందా, శ్రావణంలోనా?

హైదరాబాదు చైతన్యపురిలో ఒక ఇంటి కింది పోర్షన్‌లో ఆరేళ్లుగా అద్దెకు ఉంటున్న పాఠకురాలు 2025 మే నెలలో రాసిన ఉత్తరం ఇది. ఆమె ఉద్యోగం మాదాపూర్‌లో. భర్త చిన్ననాటి స్నేహితుడు కేపీహెచ్‌బీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా అద్దెకు ఉంటున్నారు. ఆయనకూ ఆయన భార్యకూ ఉద్యోగాలు ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు. మీరు మా ఇంటికి, మేము మీ ఇంటికి మారితే అందరికీ హాయి కదా అని ఒక ఆదివారం భోజనాల దగ్గర నవ్వుతూ మొదలైన మాట ఇప్పుడు పంచాంగం తిరగేసేదాకా వచ్చింది.

స్నేహితుడి కొడుక్కు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటో తరగతిలో సీటు తీసుకున్నారు. జూన్ 12న బడి తెరుస్తారు కాబట్టి జూన్ మొదటి వారంలోనే మారిపోదామని ఆయన తొందర. ఆషాఢం జూన్ చివర మొదలై జూలై నాలుగో వారం దాకా ఉంటుంది, ఆ నెలలో ఇల్లు కదలడానికి వీల్లేదని పాఠకురాలి అత్తగారు అన్నారు. ఆ మాటను కూడా స్నేహితుడు తన తొందరకే వాడుకున్నారు. పాఠకురాలి అగ్రిమెంటు ఆగస్టు 31తో ముగుస్తుంది, రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. స్నేహితుడి అగ్రిమెంటు మార్చితోనే అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. "ఓనర్లకు ఇప్పుడే ఎందుకు, సామాను దించుకున్నాక నెమ్మదిగా చెబుదాం. ఎవరి పేరుమీద ఉన్నది వాళ్ల పేరుమీదే ఉండనీ. నా అద్దె 21,000 మీరు కట్టండి, మీ అద్దె 16,000 నేను కడతాను. నా అడ్వాన్సు 42,000, మీది 32,000. తేడా పదివేలు నాకిస్తే లెక్క సరి" అన్నది ఆయన ప్రతిపాదన. భర్త ఒప్పేసుకున్నారు. జూన్‌లో పదో తరగతిలోకి వచ్చే కూతురు మాత్రం పరీక్షలయ్యేదాకా ఇల్లు మారనని ఏడుస్తోంది. జూన్‌లోనా, శ్రావణంలోనా, వచ్చే ఏప్రిల్‌లోనా అన్నది పాఠకురాలి ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మీ అత్తగారి అభ్యంతరానికి ఒక పేజీ, స్నేహితుడి కొడుకు బడికి అర పేజీ, మీ వారి మొహమాటానికి ఒక పేజీ ఇచ్చారు. మీరు రోజూ పోనూ రానూ మూడు గంటలు ప్రయాణం చేస్తున్న సంగతి మాత్రం చివర్లో రెండు వాక్యాల్లో ముగించారు. అమీర్‌పేటలో రైలు మారే మెట్ల దగ్గర నిలబడి ఒకరోజు కన్నీళ్లు పెట్టుకున్నానని రాసి, ఆ వెంటనే "అది పెద్ద విషయం కాదులెండి" అని కొట్టేశారు. నా దృష్టిలో అదే పెద్ద విషయం. ఈ ఇల్లు మారడం వల్ల ముందుగా బాగుపడవలసింది మీరు. తేదీని మాత్రం మీరు తప్ప అందరూ నిర్ణయిస్తున్నారు.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. మీరంతా దీన్ని "మార్పిడి" అంటున్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది కానీ, అద్దె ఇళ్ల విషయంలో ఇద్దరు అద్దెదారులు తమలో తాము మార్చుకోగలిగినది సామాను మాత్రమే. ఇల్లు ఇద్దరిదీ కాదు. ఇక్కడ నిజంగా జరగవలసినవి నాలుగు వేర్వేరు పనులు: మీరు మీ ఓనరుకు ఇల్లు ఖాళీ చేసి అప్పగించడం, ఆ ఓనరు దాన్ని మీ స్నేహితుడికి అద్దెకు ఇవ్వడం, ఆయన తన ఫ్లాటు ఖాళీ చేయడం, ఆ ఫ్లాటు ఓనరు దాన్ని మీకు ఇవ్వడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన మూడూ గాల్లో వేలాడతాయి. అందుచేత మంచి రోజు ఎప్పుడని అడిగే ముందు, ఏ పని తరవాత ఏ పని అని అడగాలి.

స్నేహితుడి ప్రతిపాదనలో చెడు ఉద్దేశం ఉందని నేననుకోను. తొందరలో ఉన్న మనిషికి దగ్గరి దారి కనిపిస్తుంది, అంతే. కానీ ఆ దారిలో మీ కుటుంబం ఎక్కడ నిలబడుతుందో చూడండి. ఆయన అగ్రిమెంటు మార్చిలో ముగిసింది. అంటే "ఎవరి పేరుమీద ఉన్నది వాళ్ల పేరుమీదే" అన్నప్పుడు ఆయన పేరుమీద నడుస్తున్న కాగితం కూడా అసలు లేదు. మీరు ఏ కాగితమూ లేని ఇంట్లోకి, ఓనరుకు ముఖం కూడా తెలియని మనుషులుగా వెళతారు. ఆయన మాత్రం ఆగస్టు 31 దాకా చెల్లే మీ అగ్రిమెంటు ఉన్న ఇంట్లోకి వస్తారు, ఆ ఇంటికి ఏం జరిగినా సమాధానం చెప్పవలసింది మీ వారు. మన దగ్గర రాసుకునే అగ్రిమెంట్లలో దాదాపు అన్నింటిలోనూ ఓనరు అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదనే షరతు ఉంటుంది. మీ కాగితం తీసి చూడండి, మీదాంట్లోనూ ఉండే ఉంటుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో, యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు మరొకరికి అద్దెకివ్వడం ఖాళీ చేయించడానికి ఒక కారణం కూడా. కోర్టుల దాకా పోయే కుటుంబాలు కావు మీవి, నాకు తెలుసు. అయితే ఓనరు ఒక సాయంత్రం ఫ్లాటుకు వచ్చి తలుపు తీసిన మీ అత్తగారిని "మీరెవరు?" అని అడిగితే చాలు, అంతటి పెద్దావిడ ఆ ఇంట్లో ఇక నిశ్చింతగా ఉండలేరు.

ఇక ఆ పదివేల లెక్క. కాగితం మీద సరిగానే ఉంది: 42,000లోంచి 32,000 తీస్తే 10,000. కానీ అడ్వాన్సు ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి రాదని హైదరాబాదులో అద్దెకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె మినహాయించుకోవడం ఇక్కడ చాలామంది ఓనర్ల అలవాటు. మీ కొత్త ఓనరు కూడా అదే చేస్తే, ఎప్పుడో మీరు ఆ ఫ్లాటు వదిలేనాటికి మినహాయించే 21,000లో మీ స్నేహితుడి పిల్లవాడు నాలుగేళ్లపాటు గోడల మీద గీసిన గీతల ఖరీదూ కలిసి ఉంటుంది. అలాగే మీ ఆరేళ్ల మరకల ఖరీదు ఆయన మీద పడుతుంది. అప్పుడు అది ఎవరి మేకు, ఇది ఎవరి మరక అని ఇద్దరు మిత్రులు మాట్లాడుకోవలసి వస్తుంది, పైగా ఫ్లాటు అడ్వాన్సు తిరిగి తీసుకునే హక్కు ఆయన పేరుమీదే ఉంటుంది. కాబట్టి ఎవరి అడ్వాన్సు వారు తమ ఓనరు దగ్గర తేల్చుకుని, కొత్త ఓనరుకు కొత్తగా కట్టడమే శుభ్రమైన పద్ధతి. దీనికి కొన్ని రోజులపాటు ఇద్దరి చేతిలోనూ అదనపు డబ్బు ఉండాలి, మీ విషయంలో అది 42,000. ఆ సర్దుబాటు కుదిరే నెల ఏదన్నది కూడా తేదీ నిర్ణయంలో ఒక భాగమే.

మరొకటి. మీ వారు ఇంటి అద్దె అలవెన్సు మీద పన్ను మినహాయింపు తీసుకుంటున్నారని రాశారు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలన్నది ఆయనకు తెలిసే ఉంటుంది. నెలకు 21,000 అంటే ఏడాదికి 2,52,000. తన పేరున అగ్రిమెంటు లేని ఇంటికి, తనను ఎరగని ఓనరు నుంచి ఆయన రసీదు ఎలా తెస్తారు? పాత ఇంటి రసీదు పెడితే అది అబద్ధమవుతుంది. మీ వారు మొహమాటపడకుండా స్నేహితుడితో చెప్పగలిగిన కారణం ఇదే: "నాకు ఆఫీసులో కాగితాలు కావాలిరా, అందుకని కొత్త అగ్రిమెంటు తప్పదు." అనుమానిస్తున్నట్టు ఉండదు, పని జరుగుతుంది.

ఓనర్లకు ఎప్పుడు చెప్పాలంటే, ఇప్పుడే చెప్పాలి, నోటీసు ఇవ్వడానికి ముందే చెప్పాలి. ఈ రెండింటికీ తేడా ఉంది. నోటీసు ఇచ్చారంటే మీరు వెళ్లిపోతున్నారనే అర్థం. ఓనరు మర్నాడే గేటుకు టూలెట్ బోర్డు తగిలించవచ్చు, మరొకరికి మాట ఇవ్వవచ్చు. ఈలోగా కేపీహెచ్‌బీ ఓనరు "ఆ ఫ్లాటు మా చెల్లెలికి కావాలి" అన్నారంటే మీరు రెంటికీ చెడతారు. అందుకని ముందు ఇద్దరు ఓనర్లతోనూ విడివిడిగా, కొత్తగా వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడండి. ఒక్క నెల కూడా ఇల్లు ఖాళీగా ఉండదు, బ్రోకరు కమిషను లేదు, వచ్చేవాళ్లు తెలిసినవాళ్లు. ఓనరు వైపు నుంచి చూస్తే ఇది మంచి బేరమే, ఆ మాట మీరే ఆయనకు గుర్తు చేయాలి. అయినా కొత్త అద్దెదారు అనగానే అద్దె పెంచే అవకాశం ఉంది. 21,000 కాస్తా 24,000 అయితే మీకు ఇప్పటికన్నా నెలకు 8,000 ఎక్కువ. ఆ అంకెకు కూడా మీరు సిద్ధమేనా అన్నది ఇంటి నుంచి బయలుదేరే ముందే మీ ఇద్దరూ తేల్చుకోండి. ఇద్దరు ఓనర్లూ సరేనన్నాక, కనీసం వాట్సాప్‌లో అయినా ఆ సంగతి రాతలో వచ్చాక, రెండు కుటుంబాలూ ఒకే రోజున నోటీసులు ఇవ్వండి.

ఇప్పుడు తేదీలు.

జూన్ మొదటి వారం అంటే మీకు మిగిలింది రెండు వారాలు. మీ ఓనరు రెండు నెలల నోటీసును వదులుకుంటే తప్ప ఇది కుదరదు. ఆయన వదులుకోవచ్చు కూడా, ఎందుకంటే అద్దె ఆగదు. అలా జరిగితే స్నేహితుడి పిల్లవాడు మొదటి రోజు నుంచే దగ్గరి ఇంటి నుంచి బడికి వెళతాడు, మీ ప్రయాణం వెంటనే తగ్గుతుంది, వానలు ఇంకా ముదరవు. నష్టమల్లా తొందరే. ఈ రెండు వారాల్లో ఓనర్ల అంగీకారాలు, రెండు అగ్రిమెంట్లు, సామాను సర్దడం, ఏడుస్తున్న పదో తరగతి అమ్మాయిని ఒప్పించడం అన్నీ కావాలి. ఇందులో చివరిది రెండు వారాల్లో అయ్యే పని కాదని నా అనుమానం.

శ్రావణం విషయానికొస్తే, జూన్ 1న నోటీసు ఇస్తే జూలై 31తో రెండు నెలలు నిండుతాయి. ఆషాఢం అప్పటికి వెళ్లిపోతుంది. అగ్రిమెంటు మాటా అత్తగారి మాటా ఒకే చోట కలిసే అరుదైన తేదీ ఇది, అందుకే నా మొగ్గు కొంచెం ఇటే. కానీ దీని ఖర్చులూ చెప్పాలి. ఆషాఢమంతా ఆగినవాళ్లందరూ శ్రావణంలో ఒక్కసారిగా కదులుతారు. డీసీఎం బండి, సామాను మోసే మనుషులు దొరకడం కష్టమవుతుంది, రేటూ పెరుగుతుంది, ముఖ్యంగా శనాదివారాల్లో. నగరంలో బాగా వానలు పడే రోజులు కూడా అవే. పరుపులు, పుస్తకాల పెట్టెలు తడవకుండా టార్పాలిన్ ఉన్న బండినే మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, స్నేహితుడి పిల్లవాడు జూన్ 12 నుంచి దాదాపు ఏడు వారాలు కేపీహెచ్‌బీ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి రావాలి. ఆరేళ్ల పిల్లవాడికి అది చిన్న శిక్ష కాదు. అయితే ఆయన అత్తగారి ఇల్లు సరూర్‌నగర్‌లోనే ఉందని మీరే రాశారు. ఆ ఏడు వారాలు తల్లీ కొడుకూ అక్కడ ఉండడం ఆ కుటుంబానికి సాధ్యమేమో అడగండి. అడగడం తప్పు కాదు. ఆయన తొందర కోసం మీ కుటుంబం రెండు వారాల్లో ఇల్లు ఎత్తాలని అడగడం ఆయనకు తప్పనిపించలేదు కదా.

దసరా సెలవుల సంగతి మీరు రాయలేదు. విజయదశమికి వేరే ముహూర్తం చూడక్కర్లేదంటారు, బడులకు సెలవులు ఉంటాయి, వానలు తగ్గుముఖం పడతాయి. మీ కుటుంబం వరకే అయితే నేను దాన్నే సూచించేదాన్ని. కానీ ఆగస్టు తరవాత మీ అగ్రిమెంటును పొడిగించుకోవాలి, స్నేహితుడి కొడుకు నాలుగు నెలలు ఆగాలి. రెండోది ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

ఏప్రిల్ దాకా ఆగితే మీ అమ్మాయి ఏడుపు ఆగుతుంది. దానితోపాటు ఈ ఇచ్చిపుచ్చుకోవడం కూడా బహుశా ఆగిపోతుంది, ఎందుకంటే స్నేహితుడు ఈలోగా దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే ఇల్లు చూసుకుంటారు. దాన్ని మీరు నష్టంగా చూడనవసరం లేదు. కేపీహెచ్‌బీలో అద్దె ఇళ్లకు కరువు లేదు, వచ్చే వేసవిలో మీరు మీ తీరిక ప్రకారం వెతుక్కోవచ్చు. కాకపోతే మరో పది నెలలు ఆ మూడు గంటల ప్రయాణాన్ని మీరు మోయాలి. "పాప కోసం" అని మోసి, మార్చి వచ్చేసరికి పాప మీదే విసుక్కునే తల్లులు నాకు చాలా ఉత్తరాలు రాశారు. మోయగలరో లేదో నిజాయితీగా చూసుకుని ఈ దారి ఎంచుకోండి.

ఏ నెల ఎంచుకున్నా, మారే రోజు గురించి ఒక మాట. ఒకే రోజున రెండు ఇళ్లూ ఖాళీ కావాలి, రెండు ఇళ్లూ నిండాలి. ఇందులో ఉన్న ఇబ్బంది అనుభవించేదాకా తెలియదు. చాలా ఏళ్ల కిందట మేమూ ఇలాగే మరో కుటుంబంతో ఒకే ఉదయం ఇళ్లు మార్చుకున్నాం. వాళ్ల సామాను దిగితే గానీ మాది ఎక్కదు, మాది దిగితే గానీ వాళ్లది ఎక్కదు. మెట్ల మలుపులో వాళ్ల బీరువా ఇరుక్కుంది. మా గ్రైండరు, దేవుడి పటాల పెట్టె, ఇంగువ డబ్బా కూడా విడిగా కట్టిన మా అత్తగారి మూటలు మూడు గంటలపాటు వీధిలో జల్లులో నిలబడ్డాయి. మధ్యాహ్నం రెండు దాటాక రెండు కుటుంబాలూ కలిసి ఎవరి వంటింట్లోనూ కాక మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లాలు తిన్నాం. ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అందుచేత మధ్యలో రెండు మూడు రోజులు ఒక ఇల్లు ఖాళీగా ఉండేలా చూసుకోండి. మీ స్నేహితుడి కుటుంబమే ముందు ఫ్లాటు ఖాళీ చేసి, సామాను అపార్ట్‌మెంట్ సెల్లారులో అనుమతి తీసుకుని ఒక మూల పెట్టుకుని, రెండు రోజులు సరూర్‌నగర్‌లో ఉండవచ్చు. ఆ వ్యవధిలో ఫ్లాటు కడిగించి, బొద్దింకల మందు కొట్టించి, మీరు ప్రశాంతంగా దిగవచ్చు. ఆ మూడు రోజుల అద్దె రెండు కుటుంబాలూ సగం సగం పంచుకోవడం న్యాయం.

అత్తగారికి కూడా ఇది నచ్చుతుంది. ముహూర్తానికి పాలు పొంగించి సామాను తరవాత తెచ్చుకోవడం మనకు అలవాటే కానీ, మరొకరి కుక్కరు కూత పెడుతున్న వంటింట్లో పాలు పొంగించలేం కదా. పంతులుగారిని అడిగేటప్పుడు రెండు కుటుంబాల నక్షత్రాలూ చెప్పి, ఒక తేదీ కాకుండా రెండు మూడు తేదీలు అడగండి. మీరు బయటికి కదిలే రోజూ వాళ్లు లోపలికి వచ్చే రోజూ దగ్గర దగ్గరగా ఉండాలి గనుక ఒక్కటే తేదీ పట్టుకుంటే ఇరుకున పడతారు.

చిన్న విషయాలు కొన్ని. తాళాలు ఇచ్చే ముందు రెండు ఇళ్లలోనూ కరెంటు మీటరు అంకెలు కనబడేలా ఫోటో తీసి రెండు కుటుంబాలూ దాచుకోండి, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు ఎంతవరకు కట్టారో అసోసియేషన్ నుంచి రాయించుకోండి. మోసే శ్రమ తప్పుతుందని గ్యాస్ సిలిండర్లు ఒకరివి ఒకరు ఉంచేసుకోకండి. కనెక్షను మనిషి పేరుమీద ఉంటుంది, కాబట్టి చిరునామా మార్పు ఏజెన్సీ ద్వారానే చేయించుకోవాలి. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు పొందుతున్న పాఠకులు ఇలా ఇళ్లు మారితే, ఆ పథకం పాత ఇంటి మీటరుకు జతపడి ఉంటుందని గుర్తుంచుకుని కొత్త మీటరుకు మార్పించుకోవాలి.

మీ అమ్మాయి సంగతి చివరికి ఉంచాను. ఆమె ఇల్లు మారనంటోందా, బడి మారనంటోందా? మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి. పదో తరగతి మధ్యలో బడి మార్చవద్దని నేను గట్టిగానే చెబుతాను, కానీ ఇల్లు మారినంత మాత్రాన బడి మారనక్కర్లేదు. కేపీహెచ్‌బీ కాలనీ నుంచి చైతన్యపురి దాకా మెట్రో ఎర్ర లైనులో 22 స్టేషన్లు, మీలాగా ఆమె అమీర్‌పేటలో దిగి మారవలసిన పని లేదు. అలసట మాత్రం ఉంటుంది, ప్రత్యేక తరగతులున్న రోజుల్లో చీకటి పడుతుంది, జనవరి నుంచి అది ఇంకా బరువనిపిస్తుంది. ఆ రెండు మూడు నెలలు చైతన్యపురిలోనే స్నేహితుడి ఇంట్లో, అంటే తన పాత గదిలోనే, వారంలో నాలుగు రోజులు ఉండే ఏర్పాటు కుదురుతుందేమో ఆయన భార్యతో మీరే మాట్లాడండి. ఇళ్లు ఇచ్చిపుచ్చుకుంటున్న కుటుంబాల మధ్య అది అడగరాని సాయం కాదు. ఈలోగా బడి తెరిచిన మొదటి వారంలో, ఒక మామూలు సోమవారం ఉదయం ఏడింటికి పుస్తకాల సంచీతో సహా ఆమెను కేపీహెచ్‌బీ స్టేషన్‌లో రైలెక్కించి, మీరూ పక్కన నిలబడి చైతన్యపురి దాకా రండి. నోటీసులు ఇవ్వడం ఆ సోమవారం తరవాతికి జరిగితే, మీ తేదీ ఆగస్టు మొదటి వారం నుంచి మూడో వారానికి జరుగుతుంది. అది కూడా శ్రావణమే, మీ అగ్రిమెంటు లోపలే.